ఎన్నారే అల్లుడు

అల్లుడు దశమగ్రహమని మన పెద్దలు ఎప్పుడో అన్నారు. తొమ్మిది గ్రహాలకు శాంతి చేయించవచ్చు గాని పదోదానికి పండక్కి బట్టలు పెట్టుకోవడం తప్ప మార్గం లేదని వాళ్ల అనుభవం. అమెరికా ప్రభుత్వం మన పెద్దలకన్నా లోతుకు పోయింది. మా అల్లుడు గ్రహం కూడా కాదు, గ్రహాంతరవాసి అని తేల్చింది. వాళ్ల పన్నుల శాఖ భాషలో ఆయన ‘నాన్ రెసిడెంట్ ఏలియన్’.

ఈ ఏలియన్ ఎల్లారెడ్డిలో పశువుల డాక్టరు. తెల్లారి నాలుగింటికి ఫోనొస్తే లుంగీ మీదనే బండి తీసి, ఏ తండాకో పోయి, అడ్డం తిరిగిన దూడను మోచేతి దాకా చెయ్యి పెట్టి సర్ది బయటికి లాగుతాడు. చదువుకు రాజేంద్రనగర్, మొక్కుకు షిరిడీ. ఆయన జీవితంలో దూరప్రయాణాలు ఈ రెండే. విమానం ఎక్కలేదు. పాస్‌పోర్టు లేదు. అలాంటి మనిషి మా అమ్మాయి మెడలో మూడు ముళ్లు వేసిన పాపానికి, తన ఇంట్లో తన నులకమంచం మీద పడుకునే పరదేశి అయిపోయాడు.

తప్పు నాదే. 1999లో నేను న్యూజెర్సీలో ఉన్నాను. వైటూకే అనే కంప్యూటరు రోగం ప్రపంచానికి రాబోతోందని, దానికి కోబాల్ తెలిసిన తెలుగువాడే వైద్యుడని అందరూ నమ్మిన రోజులవి. అమీర్‌పేటలో మూడు నెలలు నేర్చుకుని నేనూ ఒక నాటువైద్యుణ్నయ్యాను. అమ్మాయి అక్కడే పుట్టింది. అక్కడి నేల మీద పుడితే చాలు, అక్కడి పౌరులే. రెండేళ్లలో రోగమూ పోయింది, వైద్యుల ఉద్యోగాలూ పోయాయి. 2002లో రెండు సూట్‌కేసులు, మూడేళ్ల పిల్ల, ఒక నీలం పాస్‌పోర్టుతో కామారెడ్డిలో దిగాం. వచ్చీరాని ఇంగ్లీషు ముక్కలు పిల్ల ఒక్క వానాకాలంలోనే మరిచిపోయింది. పాస్‌పోర్టును మాత్రం నేను మరవలేదు. దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, బీరువాలో పట్టాదారు పాస్‌బుక్కు పక్కన పెట్టాను. అది పండే భూమి, ఇది పండబోయే భూమి అనుకున్నాను. గడువు తీరినప్పుడల్లా కొత్తది తెచ్చాను. మొదట చెన్నై పోయాం. 2008లో హైదరాబాదులో కాన్సులేటు తెరిచాక బేగంపేట పైగా ప్యాలెస్ ముందు ఎండలో నిలబడ్డాం. పిల్లకు ఇక్కడ ‘ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా’, అదే ఓసీఐ కార్డు తీశాం. కామారెడ్డిలో పెరిగి, కామారెడ్డిలో చదివి, కామారెడ్డిలో ఓటు లేని పిల్లను తయారుచేశాం. 2023లో కుర్చీలో ఉన్న ముఖ్యమంత్రినీ, కుర్చీ ఎక్కబోయే ముఖ్యమంత్రినీ ఒకే దెబ్బకు ఓడించి దేశం నోరెళ్లబెట్టేట్టు చేసింది మా ఊరు. ఆ రోజు పోలింగు బూతు బయట నా చెప్పులకు కాపలా కాసింది మా అమ్మాయి.

సంబంధం మాట్లాడే రోజు ఆ పాస్‌పోర్టు తీసి టీపాయ్ మీద పెట్టాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, కట్నం మాట వచ్చినప్పుడు నా బదులు అదే మాట్లాడింది. వియ్యంకుడు పద్నాలుగేళ్లు దుబాయిలో చేసి వచ్చినవాడు. పాస్‌పోర్టు విలువ తెలిసిన చేతులతో పేజీలు తిప్పి, గద్ద బొమ్మ మీద బొటనవేలు రాసి, తలూపాడు. ఎన్నారై అల్లుడు కావాలని కామారెడ్డిలో ఎంతమంది మొక్కుకోలేదు? మేం ఎన్నారై కోడల్ని ఇస్తున్నామన్నంత గర్వంగా ఇచ్చాం. 2025 ఫిబ్రవరిలో, మంచి మాఘమాసంలో పెళ్లయింది.

ఏడాది తిరక్కుండా వియ్యపురాలు కోడల్ని వెంటబెట్టుకుని బ్యాంకుకు పోయింది. ఆమెకు చదువు రాదు, లెక్క వస్తుంది. కొడుకు గేదెల వెంట, మొగుడు పత్తాల వెంట తిరుగుతారు కనుక కోడలి పేరు తన ఖాతాలో జాయింటుగా వేయించాలని ఆమె ఆలోచన. ఎల్లారెడ్డిలో కోడలికి అంతకన్నా పెద్ద గౌరవం లేదు, తాళంచెవుల గుత్తి ఇవ్వడం కూడా దాని తర్వాతే. బ్యాంకులో ఒక కాగితం ఇచ్చారు. పుట్టిన ఊరు, పుట్టిన దేశం, ఇండియా గాక ఇంకే దేశానికైనా పన్ను లెక్క చెప్పే మనిషివా. అమ్మాయికి అబద్ధం రాదు కనుక నిజం రాసింది.

“అమ్మా, ఇక్కడ అమెరికా అని రాసిన్రు. తప్పు పడ్డదా?”

“లేదండీ, అక్కడే పుట్టిన.”

“మరి ఇక్కడేం జేస్తున్రు?”

ఆ ప్రశ్నకు లైన్లో నిలబడ్డవాళ్లంతా తిరిగి చూశారట. పింఛను కోసం వచ్చిన ఒక ముసలమ్మ “పాపం, ఎళ్లగొట్టిండ్రా బిడ్డా?” అని చెయ్యి పట్టుకుందట. ట్రంపు రోజులు, ఆమె అనుమానం ఆమెది.

ఆ కాగితం పేరు ఫాట్కా. దాని కథ స్విట్జర్లాండులో మొదలైంది. అమెరికా కోటీశ్వరులు యూబీఎస్ అనే స్విస్ బ్యాంకులో రహస్యంగా డబ్బు దాచుకున్నారు. 2009లో అది బయటపడి, ఆ బ్యాంకు 78 కోట్ల డాలర్లు కట్టి కేసు నుంచి బయటపడింది. మరుసటి ఏడే అమెరికా చట్టం చేసింది. ప్రపంచంలో ఏ బ్యాంకయినా సరే, తన దగ్గరున్న అమెరికన్ల ఖాతాలు చెప్పాలి. చెప్పకపోతే అమెరికా నుంచి వచ్చే సొమ్ములో 30 శాతం కోసేస్తాం. మనవాళ్లు 2015 జూలై 9న ఒప్పందం మీద సంతకం చేశారు. అప్పటి నుంచి బ్యాంకులు మన ఆదాయపన్ను శాఖకు, అది అమెరికాకు మూట అందిస్తున్నాయి. నిజాంసాగర్‌లో వల వేసే ఏ బెస్తాయన్నయినా అడగండి, కొర్రమీను బురదలోకి దూరి జారిపోతుంది, వలలో కొట్టుకునేవి పరకపిల్లలు. జూరిక్‌లో కొర్రమీనుకు వేసిన వల ఎల్లారెడ్డిలో బడిపంతులమ్మ అయిన మా అమ్మాయి మీద పడింది.

ఆ రాత్రి అమ్మాయి ఫోను చేసింది. మూడు వారాలు నేను అమెరికా పన్నుల ఫారాలు చదివాను. కోబాల్ కన్నా కష్టంగా ఉన్నాయి, కోబాల్‌కు తర్కం ఉంటుంది.

చదివి తెలుసుకున్నది ఇది. అమెరికా పౌరులు ఎక్కడున్నా, ఎక్కడ సంపాదించినా అమెరికాకు లెక్క చెప్పాలి. చంద్రుడి మీద టీకొట్టు పెట్టినా సరే. అయితే పెళ్లికాని పిల్లకు 2025 సంవత్సరానికి 15,750 డాలర్ల ఆదాయం దాటితేనే రిటర్ను. మా అమ్మాయి ప్రైవేటు బళ్లో 22 వేల జీతానికి ఆరో తరగతికి సైన్సు చెప్తుంది. ఏడాదంతా కూడినా 3,000 డాలర్ల దగ్గర ఆగుతుంది. అంటే పెళ్లిదాకా ఆమెకూ అమెరికాకూ ఏ గొడవా లేదు. పెళ్లయి, మొగుడు ఏలియన్ అయి, విడిగా రిటర్ను వేసేవాళ్లకు మాత్రం గీత ఇంకోచోట గీశారు. ఎంతో ఊహించండి. 5 డాలర్లు.

అయిదంటే అయిదే. వేలూ వందలూ ఏమీ లేవు. మన డబ్బులో నాలుగు వందల యాభై రూపాయలకు కాస్త అటూ ఇటూ. ఇద్దరు కూర్చుని బిర్యానీ తింటే కూల్‌డ్రింకుకు చాలదు. 2017లో ఈ గీత 4,050 డాలర్ల దగ్గర ఉండేది. ఆ ఏడాది చివర తెచ్చిన చట్టం వ్యక్తిగత మినహాయింపును సున్నా చేసింది. సున్నా దాటినవాళ్లంతా రండి అనడానికి మొహం చెల్లక 5 వేసినట్టున్నారు. పెళ్లి ఏ తేదీన అయితేనేం, డిసెంబరు 31 రాత్రి పదకొండున్నరకు తాళి కట్టినా ఏడాదంతా కాపురం చేసినట్టే లెక్క. మా పంతులు ఉత్తరాయణం చూశాడు, లగ్నం చూశాడు, దుర్ముహూర్తం వదిలేశాడు. ఆస్టిన్ పంచాంగం చూడలేదు. ఆస్టిన్ ఎందుకంటే, బయటి దేశాలవాళ్లు కాగితం మీద రిటర్ను వేస్తే పోవాల్సింది టెక్సస్‌లోని ఆ ఊరికే.

ఇంతకీ కట్టాల్సిన పన్నెంత? సున్నా. వచ్చిన 3,000లోంచి 15,750 మినహాయిస్తారు. పుట్టెడు వడ్లు దంచించి పిడికెడు ఊక కూడా తీసుకోరు, దంచినట్టు రుజువు మాత్రం కావాలంటారు. హైదరాబాదులో ఈ విద్య తెలిసిన ఒకాయన్ని కలిస్తే, అమ్మాయి మూడు నెలల జీతం ఫీజు చెప్పి, “పెళ్లికి ముందే రావాల్సింది సార్” అన్నాడు. నిజమే. గోత్రం కలిసిందా, నాడీదోషం ఉందా అని చూశాం గాని ఫైలింగ్ స్టేటస్ కలుస్తుందా అని ఎవరమూ అడగలేదు.

రిటర్నులో భర్త నంబరు రాసే గడి ఒకటుంది. మా అల్లుడికి అమెరికా నంబరు లేదు కనుక ఆ గడిలో మూడక్షరాలు రాయాలని వాళ్ల సూచన. ఎన్‌ఆర్‌ఏ. నాన్ రెసిడెంట్ ఏలియన్‌కు పొట్టిపేరు. ఇదన్నమాట నా ముప్ఫై ఏళ్ల అమెరికా మోజుకు దక్కిన ఫలం. ఊరంతా ఎన్నారై అల్లుడి కోసం తపస్సు చేస్తుంటే నాకు ఎన్నారే అల్లుడు దొరికాడు.

ఈ అవమానం వద్దనుకుంటే దానికీ ఒక తంతు ఉంది. దంపతులిద్దరూ ఒక ప్రకటన మీద సంతకాలు చేసి, ఏలియన్‌ను ఏలియన్ కానట్టు భావించమని వేడుకోవచ్చు. అప్పుడు ఉమ్మడి రిటర్ను వేయవచ్చు, మినహాయింపు 31,500 డాలర్లవుతుంది. వినడానికి బాగుంది. కాకపోతే ఆ సంతకంతో అల్లుడి ఆదాయం కూడా అణాపైసలతో ఆస్టిన్‌కు తెలియాలి. సర్కారు జీతం సరే. పోచారం ప్రాజెక్టు కింద ఆయన పేరు మీదున్న మూడెకరాల వడ్ల డబ్బు కూడా. మన రాజ్యాంగం వ్యవసాయాదాయం మీద పన్ను వేసే అధికారం పార్లమెంటుకే ఇవ్వలేదు, రాష్ట్రాలకు వదిలింది. ఢిల్లీ ముట్టుకోలేని వరిమడిని ఆస్టిన్ తడుముతుంది. పైగా ఇక్కడ పన్ను కట్టి ఉంటే దాన్ని అక్కడ తగ్గిస్తారట. ఇక్కడ పన్నే లేని పంటకు తగ్గించేదేముంది? ఎకరానికి ఏడాదికి 12 వేల రూపాయల రైతు భరోసా వస్తే అది ఏ గడిలో పడుతుంది? యాసంగి పంట డబ్బు జూన్‌లో చేతికొస్తే ఏ సంవత్సరం లెక్క? వాళ్ల ఏడాది జనవరిలో, మన సర్కారు ఏడాది ఏప్రిల్‌లో, మా వియ్యంకుడి ఏడాది తొలకరిలో మొదలవుతుంది. ఉగాదిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అల్లుడు నెలకు రెండు వేలు మ్యూచువల్ ఫండులో వేస్తాడు. పొదుపు చేయమని టీవీలో రోజూ చెప్తారు కదా, విన్నాడు. ఉమ్మడి రిటర్ను వేశాడా, ఆ ఫండు అమెరికా కళ్లకు ‘పాసివ్ ఫారిన్ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ’ అయి కూర్చుంటుంది. ఎప్పుడో అవసరానికి అమ్మితే వచ్చిన లాభాన్ని గడిచిన ఏళ్లన్నిటికీ పంచి, ఆయా ఏళ్ల గరిష్ఠ రేటు, ఇప్పుడైతే 37 శాతం, వేసి, ఆలస్యమైందని పైన వడ్డీ కడతారు. 31,500 మినహాయింపు ఆ పాత ఏళ్ల వాటాకు అక్కరకు రాదు. దీనికో ఫారం, 8621. బయటి దేశాల కంపెనీల మాటున డబ్బు దాచే అమెరికన్ల కోసం 1986లో కనిపెట్టిన మందు ఇది. గేదెల డాక్టరుకు గుక్కెడు తాగిస్తున్నారు.

ఆ తంతులో అసలు ముచ్చట ఇంకోటి. ఒకసారి ఆ ప్రకటన చేశాక ఏటేటా అదే నడుస్తుంది. వద్దని తెంపుకున్నారో, ఆ ఇద్దరిలో ఎవరూ జన్మలో మళ్లీ చేయడానికి లేదు. మన కాపురాల్లో అలిగి పుట్టింటికి పోయిన పిల్ల పంచాయితీ అయ్యాక తిరిగొస్తుంది. పన్నుల కాపురంలో పంచాయితీ లేదు.

సరే చేద్దామన్నా ముందు అల్లుడికి నంబరు కావాలి. 9తో మొదలయ్యే తొమ్మిదంకెల ఐటిన్. దానికి మనిషి మనిషేనని రుజువు చూపాలి. ఒక్క పత్రంతో పని జరగాలంటే పాస్‌పోర్టు ఉండాలి, అదీ అసలుది, లేదా ఇచ్చిన ఆఫీసువాళ్లే ధ్రువీకరించిన నకలు. కామారెడ్డి కోర్టు ముందు చెట్టుకింద కూర్చునే నోటరీ ముద్ర చెల్లదు. గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సిరా కూడా చెల్లదు. మా అల్లుడే ఒక గెజిటెడ్ ఆఫీసరు, ఊళ్లో సగంమంది సర్టిఫికెట్ల మీద ఆయన సంతకం ఉంది. ఆ సంతకం ఆయన్నే ఆయనని నిరూపించలేకపోయింది. అంటే నిజామాబాద్ పాస్‌పోర్టు కేంద్రానికి పోయి, ఎన్నడూ విదేశం పోనివాడు, ఇంట్లో కూర్చుని విదేశీయుడినని చెప్పుకోవడానికి పాస్‌పోర్టు తీసుకోవాలి. తీసుకుని దాన్ని ఆస్టిన్‌కు పోస్టు చేసి, వారాలకు వారాలు ఎదురుచూడాలి. మధ్యలో ఏజెంట్లు ఉన్నారు, వాళ్లకు ఇచ్చుకోగలిగితే.

ఇది వినగానే వియ్యంకుడు చేతిలో పత్తాలు కింద పెట్టాడు. ఆయన పాస్‌పోర్టు దుబాయిలో పద్నాలుగేళ్లూ అక్కడి యజమాని, అంటే కఫీలు, బీరువాలో ఉంది. తల్లి చనిపోతే దానికోసం కఫీలు కాళ్లు పట్టుకోవాల్సి వచ్చింది, అది తెచ్చుకునేసరికి ఇక్కడ దినం కూడా అయిపోయింది.

“దుబాయిల పన్ను లేకుండె బావా. ఒక్క దిర్హం కట్టలే. పాస్‌పోర్టు గుంజుకునుడు మాత్రం ఉండె. అమెరికా గొప్పదేశం గదా అని ఊకున్న. వీడు పాస్‌పోర్టు ఇచ్చీ గుంజుతడు, లేనోనితోని తెప్పిచ్చుకొనీ గుంజుతడు.”

నా దగ్గర జవాబు లేదు. ఆ పాస్‌పోర్టు టీపాయ్ మీద పెట్టింది నేనే కదా.

చివరికి ఎన్నారే అనే రాద్దామని తీర్మానం చేశాం. అమ్మాయి రిటర్ను అమ్మాయిది, అల్లుడు గ్రహాంతరవాసిగానే సుఖంగా ఉంటాడు. ఇక్కడితో కథ కంచికి పోయేది. వియ్యపురాలి జాయింటు ఖాతా అడ్డం పడింది.

అమెరికన్లకు బయటి దేశాల్లో ఉన్న ఖాతాలన్నీ కలిపి, ఏడాదిలో ఏ ఒక్క రోజయినా 10,000 డాలర్లు దాటితే, ఖాతాలన్నిటి వివరాలు విడిగా ఇంకో శాఖకు చెప్పాలి. ఆ లెక్క పేరు ఎఫ్‌బార్. దాన్ని తీసుకునేది పన్నులవాళ్లు కాదు, మత్తుమందుల ముఠాల సొమ్మూ ఉగ్రవాదుల సొమ్మూ పసిగట్టే ఫిన్‌సెన్ అనే శాఖ. డబ్బు తనది కాకపోయినా ఖాతాలో పేరుంటే చాలు, సంతకం పెట్టే హక్కుంటే చాలు. వియ్యపురాలికి రోడ్డు వెడల్పులో పోయిన జాగాకు వచ్చిన పరిహారం పదకొండు లక్షలు ఆ ఖాతాలోనే ఉంది. గీత తొమ్మిది లక్షల దగ్గరుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ అత్త సొమ్ముకు కోడలు అమెరికాలో లెక్క చెప్పాలి.

ఒక ఆదివారం లింగంపేట మీదుగా బస్సులో ఎల్లారెడ్డి పోయాను. నడింట్లో చాప పరిచారు. వియ్యపురాలు సందూక తెరిచింది. నాఫ్తలీను గోళీల వాసన, దాని కింద పసుపు వాసన. పట్టుచీర మడతలోంచి పాస్‌బుక్కు తీసింది. అట్ట మీద కుంకుమబొట్టు. కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా దీపావళికి దానికి బొట్టు పెట్టి లక్ష్మి ముందు ఉంచడం ఆమెకు అలవాటు. లోపల మిషను సిరా అయిపోయి సగం అంకెలు వెలిసిపోయాయి. ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువ నిల్వ ఏ రోజు ఉందో కనిపెట్టి, దాన్ని డాలర్లలోకి మార్చి రాయాలి. అమ్మాయి పుస్తకాన్ని కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టి, సెల్‌ఫోన్ లైటు కొట్టి, అంకెల అచ్చుగుంటలు వేలితో తడిమి చదువుతోంది. నేను రాసుకుంటున్నాను. అల్లుడు గేదెకు ఇంజెక్షను వేసే ముందు మొహం ఎలా పెడతాడో అలా పెట్టి కూర్చున్నాడు.

వియ్యపురాలు కాసేపు చూసి అడిగింది.

“గీ ఖాతల ఎంతున్నదో నా మొగనికే చెప్పలే బిడ్డా. అమెరికోనికి చెప్పాల్నా?”

గోడ అవతల పత్తాలాట ఆగింది. పదకొండు లక్షల సంగతి వియ్యంకుడికి ఆ క్షణమే తెలిసింది. ఫాట్కా సాధించిన పారదర్శకత ఎల్లారెడ్డి దాకా వచ్చిందనడానికి నేనే సాక్షి.

చెప్పకపోతే ఏమవుతుందని అల్లుడు అడిగాడు. తెలియక చెప్పకపోయినా జరిమానా 10,000 డాలర్ల దాకా పడవచ్చని చట్టంలో ఉంది, ధరలతో పాటు అది పెరుగుతోంది కూడా. గీత మాత్రం దశాబ్దాలుగా పెరగలేదు. తెలిసి దాచితే ఖాతాలో సగం పోవచ్చు. రొమేనియాలో పుట్టి, అమెరికా పౌరుడై, మళ్లీ సొంతగడ్డకు తిరిగొచ్చిన బిట్నర్ అనే ఆయన ఉన్నాడు. నాలాగే తిరిగొచ్చినవాడు, కాకపోతే డబ్బుతో వచ్చాడు. అయిదేళ్లు ఈ లెక్క సరిగా ఇవ్వలేదని, ఏళ్లవారీగా లెక్కపెడితే 272 ఖాతాలని, ఖాతాకు పది వేల చొప్పున 27 లక్షల 20 వేల డాలర్లు కట్టమన్నారు. ఖాతాకు కాదు, ఏడాదికి ఒక్క జరిమానానేనని తేల్చుకోవడానికి ఆయన సుప్రీంకోర్టు దాకా పోయాడు. 2023లో 5–4 తీర్పుతో అది 50 వేలకు దిగింది. అయిదుగురిలో ఒక్క జడ్జి అటు మొగ్గి ఉంటే మనిషి దివాలా. మా చుట్టుపక్కల ఊళ్లలో సర్పంచి ఎన్నికలే అంతకన్నా ఎక్కువ మెజారిటీతో తేలుతాయి.

ఇంతకీ ఈ పద్ధతికి మూలం ఎక్కడుంది? 1860లలో, లింకన్ కాలం అంతర్యుద్ధంలో. స్వదేశం తగలబడుతుంటే యూరప్ పోయి కూర్చున్న డబ్బున్నవాళ్ల మీద కోపంతో బయటి అమెరికన్ల మీద కూడా పన్ను వేశారు. యుద్ధం అయిపోయింది, కోపం పోలేదు. 1924లో మెక్సికో నగరంలో కాపురముండే కుక్ అనే అమెరికన్, మెక్సికోలో సంపాదించినదానికి మీకెందుకు కట్టాలని కోర్టుకెక్కితే, పౌరసత్వం వల్ల నీకు ఎక్కడున్నా మేలు జరుగుతుంది కాబట్టి కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు అంది. ఎల్లారెడ్డిలో మా అమ్మాయికి అమెరికా చేస్తున్న మేలేమిటో నేను వెతుకుతూనే ఉన్నాను. అక్కడి పింఛను లేదు, వైద్యం లేదు. అత్తమామల్ని పోషిస్తున్నానని రిటర్నులో చూపుకుందామంటే, ఆధారపడ్డవాళ్లు అమెరికాలోనో, కెనడాలోనో, మెక్సికోలోనో ఉండాలట. మెక్సికో అత్త అత్తే గాని ఎల్లారెడ్డి అత్త అత్త కాదు.

పైగా, రేపు మా అమ్మాయికి బిడ్డ పుడితే ఆ బిడ్డకు అమెరికా పౌరసత్వం రాదు. భర్త ఏలియన్ అయినప్పుడు తల్లి కనీసం అయిదేళ్లు, అందులో పద్నాలుగేళ్లు నిండాక రెండేళ్లు, అమెరికాలో ఉండి ఉండాలి. మా పిల్ల మూడేళ్లకే వచ్చేసింది. లెక్కలు చెప్పడానికి నిండు అమెరికన్, బిడ్డకు ఇవ్వడానికి అరకొర అమెరికన్. ఈ సంగతి తెలిసి వియ్యంకుడు మొదటిసారి నవ్వాడు. “మనుమనికి గీ బాధ లేదన్నట్టు” అన్నాడు. వరమని మేమనుకున్నది మనుమడికి తగలకుండా పోయినందుకు ఆ ఇంట్లో ఆ రోజు పరమాన్నం వండారు.

ఇలా బయట ఉన్న పౌరుల నుంచి పన్ను గుంజే దేశం ఇంకొకటి ఉంది, ఎరిత్రియా. రెండు శాతం వసూలు చేస్తుంది. దానికోసం తన ప్రజల్ని బెదిరించడం మానాలని 2011 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి తీర్మానం చేసింది. చెయ్యెత్తి సమర్థించిన దేశాల్లో అమెరికా ఉంది.

పాస్‌పోర్టు వదిలేస్తే సరి కదా అంటారు. న్యూయార్కులో పుట్టిన పాపానికి, లండనులో తన ఇల్లు అమ్ముకున్నందుకు అమెరికాకు పన్ను కట్టి, 2016లో పౌరసత్వం వదులుకున్న ఆయన పేరు బోరిస్ జాన్సన్. తర్వాత బ్రిటనుకు ప్రధాని అయ్యాడు. వదిలించుకునే ఫీజును 2014లో 450 డాలర్ల నుంచి 2,350కి పెంచారు. అయిదేళ్లుగా పన్ను లెక్కలన్నీ సరిగా ఇచ్చానని ప్రమాణం కూడా చేయాలి. ఓసీఐ కార్డు పేరులో పౌరసత్వం ఉంది గాని అది పౌరసత్వం కాదు. ఇటు భారతీయురాలు కాకముందే అటు వదిలేస్తే మా అమ్మాయి ఏ దేశమూ లేని మనిషవుతుంది. అప్పుడు ఇంట్లో ఏలియన్లు ఇద్దరు.

సాయంత్రానికి అంకెలన్నీ తేలాయి. ఈ ఏడాది లెక్క పంపక తప్పదు, పంపుతున్నాం. అమ్మాయి ఫారాల సూచనలు చదువుతుంటే వియ్యపురాలు పక్కనే కూర్చుని వింటోంది. ఏమేం చెప్పాలో విని, ఏమేం చెప్పనక్కర్లేదో అడిగింది. ఆమెకు చదువు రాదని ముందే చెప్పాను కదా, లెక్క వస్తుందనీ చెప్పాను. సొంత పేరున ఉన్న భూమి ఈ జాబితాల్లో రాయనక్కర్లేదు. చేతిలో ఉన్న నగదు అక్కర్లేదు. ఒంటి మీద ఉన్నా, పెట్టెలో ఉన్నా, బంగారం అక్కర్లేదు.

“మల్లోసారి చదువు.”

అమ్మాయి మళ్లీ చదివింది.

సోమవారం పొద్దున బ్యాంకు తలుపు తీయకముందే వియ్యపురాలు మెట్ల మీద కూర్చుని ఉంది. పదింటికి ఖాతా ఖాళీ చేసింది. పన్నెండుకు బజారులో కంసాలి కొట్టుకు పోయింది. మధ్యాహ్నం అన్నాలవేళకు సందూక మళ్లీ తెరిచి, పాస్‌బుక్కు ఉండేచోట ఎర్రగుడ్డ మూట ఒకటి పెట్టి, మీద పట్టుచీర కప్పింది.

“గీ సందూకకు ఫారం ఉన్నదా బిడ్డా?”

“లేదత్తమ్మా.”

తాళం వేసి, చెవి కొంగుకు ముడేసుకుని, అన్నం పెట్టడానికి లేచింది.